పడవలో ఏ భాగానికి ఏ కలప? ఎంచుకోవడం, కొనేముందు పరీక్షించడం ఎలా

చెక్క పడవ కట్టుకుందామనుకునే వాళ్ళు మొదట అడిగేది ఒకటే: "పడవకు ఏ కలప మంచిది?" టేకు అని ఒక్క మాటలో చెప్పేసి తప్పుకోవచ్చు. కానీ పడవంతా టేకుతోనే కడితే తెరచాప కొయ్య అనవసరంగా బరువెక్కుతుంది, ఆవిరి పట్టి వంచాల్సిన పక్కటెముకలు విరుగుతాయి, నూనె చెక్క కాబట్టి జిగురు సరిగా పట్టదు. అందుకే ముందు "ఏ భాగానికి?" అని అడగాలి. ఆ తర్వాత "నా ముందున్న ఈ పలక పనికొస్తుందా?" అని చూడాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఈ రెండో దగ్గరే. జాతి పేరు చూసి కొంటారు, పలకను చూడరు.

ఇక్కడ చెప్పేదంతా 4 నుంచి 6 మీటర్ల పొడవుండి, తెడ్లతోనో చిన్న తెరచాపతోనో నడిచే పలకల పడవను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నది.

దగ్గర ఉండాల్సినవి

- పడవ నక్షా, అందులోని భాగాల పట్టిక
- తేమ కొలిచే మీటరు (రెండు సూదులు గుచ్చే రకం చాలు)
- ఒక గ్రాము వరకు కచ్చితంగా చూపే చిన్న తూకం
- మొనదేలిన పొడుగు సూది లేదా సన్నటి ఉలి
- చిన్న చిత్రిక, చేతి రంపం, టేపు, సుద్దముక్క
- భూతద్దం, సిరా సీసా
- ముక్కుకు, నోటికి మాస్క్. ఐరోకో, ఎర్ర సెడార్ అనే కలపల పొట్టు పీలిస్తే కొందరికి ఉబ్బసం వస్తుంది. ఒకసారి పడకపోవడం మొదలైతే ఇక జీవితాంతం పడదు.

1. ముందు పట్టిక రాసుకోండి

కలప అడితికి వెళ్ళకముందే ప్రతి భాగానికి నాలుగు సంగతులు రాసుకోవాలి. పొడవు, మందం ఎంత? నిటారుగా ఉండేదా, వంకరదా? ఎప్పుడూ నీళ్ళలోనే ఉంటుందా, తడుస్తూ ఆరుతూ ఉంటుందా? దాన్ని బిగించేది మేకులతోనా, జిగురుతోనా?

మూడోది చాలామంది వదిలేస్తారు. పూర్తిగా నీళ్ళలో మునిగి ఉన్న చెక్కకు గాలి అందదు, కాబట్టి కుళ్ళు పట్టే శిలీంధ్రం అందులో బతకలేదు. 20 శాతం లోపు తేమతో ఆరి ఉన్న చెక్కలోనూ అది పెరగదు. ఈ రెంటికీ మధ్య ఊగే చోటే కుళ్ళుతుంది: పైతట్టు (డెక్) కింద గాలాడని మూలలు, పక్కటెముకల అడుగు కొసలు, అణియం (పడవ ముందు కొస) లోపలి సందులు. వాన నీళ్ళు నిలిచే చోటు మరీ ప్రమాదం. ఉప్పునీరు కుళ్ళును కొంత ఆపుతుంది కానీ అందులో చెక్కను తొలిచే నీటిపురుగులు ఉంటాయి. సముద్రంలో తిరిగే పడవ అయితే ఏ జాతి వాడినా అడుగుకు రక్షణ పూత తప్పదు.

2. భాగానికి తగ్గ జాతి

*అడుగుదూలం (కీల్).* బరువున్నా ఫరవాలేదు, బరువుండటమే మేలు. గట్టిగా ఉండాలి, బోల్టు పట్టాలి, నానినా చెడకూడదు. టేకు, సాల్, తెల్ల ఓక్, ఐరోకో సరిపోతాయి. ఎల్మ్ ఎప్పుడూ మునిగి ఉండేచోట చాలాకాలం ఉంటుంది. దాని నార అల్లుకుపోయి ఉంటుంది కాబట్టి చీలదు. అదే ఎల్మ్‌ను తడిపొడిగా ఉండే పైభాగంలో వాడితే త్వరగా కుళ్ళుతుంది. కాబట్టి పడవను వాడకం లేనప్పుడు ఒడ్డుకు లాగి ఆరబెట్టే అలవాటు మీకుంటే ఎల్మ్ అడుగుదూలం వద్దు.

*అణియం కొయ్య, అమరం కొయ్య, మూలకట్లు.* పడవ ముందు కొసన, వెనక కొసన నిలిచే కొయ్యలు, మూలలను కలిపి బిగించే ముక్కలు ఇవి; అన్నీ వంకర భాగాలు. నిటారు పలకలోంచి వంకర కోస్తే నార మధ్యలో అడ్డంగా తెగుతుంది, దెబ్బ తగిలినప్పుడు సరిగ్గా అక్కడే విరుగుతుంది. వంకరగా పెరిగిన కొమ్మ, లేదా కాండం నుంచి కొమ్మ చీలే చోటు వెతకండి. నల్లతుమ్మ, ఓక్ ఇందుకు ప్రసిద్ధి. నక్షాలోని వంపును అట్టముక్క మీద అసలు కొలతకు గీసి కత్తిరించి, ఆ అట్టను వెంట తీసుకెళ్ళి దుంగ మీద పెట్టి చూడండి. వంకర కొమ్మ దొరక్కపోతే 4 నుంచి 6 మిల్లీమీటర్ల పల్చటి పట్టీలను అచ్చు మీద వంచి ఒకదానిమీద ఒకటి జిగురుతో అతికించుకోవచ్చు. పని ఎక్కువ, కానీ బలానికి లోటు రాదు.

*పక్కటెముకలు.* ఆవిరి పట్టి వంచేవి అయితే జాతి కంటే చెక్క పచ్చిదనం ముఖ్యం. తెల్ల ఓక్ మొదటి ఎంపిక. యాష్ ఇంకా సులువుగా వంగుతుంది కానీ కుళ్ళును తట్టుకోదు. ఆరిన చోట ఉండే భాగాలకు, తెడ్లకు మాత్రమే దాన్ని వాడండి. బట్టీలో ఆరబెట్టిన ఓక్‌ను వంచబోతే పది పక్కటెముకల్లో సగం చిట్లినా ఆశ్చర్యం లేదు. 20 శాతం దరిదాపుల్లో తేమ ఉన్న, గాలికి ఆరిన చెక్క అడగండి.

పక్కటెముకను బిగించేటప్పుడు కొస వైపు నుంచి చూస్తే వలయాలు (చెట్టు ఏటేటా పెరిగిన గీతలు) పడవ పలకకు సమాంతరంగా పడుకుని ఉండాలి. అలా ఉంటే సులువుగా వంగుతుంది, మేకు దిగినప్పుడు చీలదు. వలయాలు నిలబడేలా కోసిన పట్టీ పక్కటెముకకు పనికిరాదు. పలకకు అదే కోత మంచిది. ఈ రెండూ తారుమారు చేయడం తరచుగా జరిగే పొరపాటు.

*పలకలు.* తేలిగ్గా, వలయాలు దగ్గరగా, పొడవుగా, ముడుల్లేకుండా ఉండాలి. ఎర్ర సెడార్ ఘనమీటరుకు సుమారు 370 కిలోలు, మహోగని 590, లార్చ్ 575, టేకు 650. సెడార్ కుళ్ళదు, తేలిక, కానీ మెత్తన. రాళ్ళ ఒడ్డుకు లాగే పడవకు లార్చ్ గానీ టేకు గానీ మేలు. మామిడి చెక్క పొడుగ్గా, చవగ్గా దొరుకుతుంది కానీ త్వరగా కుళ్ళుతుంది, పురుగు పడుతుంది. రెండు మూడేళ్ళకు పలకలు మార్చుకుంటూ పోయే ఓపిక ఉంటే తప్ప వద్దు.

*తెరచాప కొయ్య, తెడ్లు.* పైన ఉండే ప్రతి కిలో పడవను ఒరగదోస్తుంది. 5 మీటర్ల పొడవు, సగటున 70 మిల్లీమీటర్ల అడ్డుకొలత ఉన్న గుండ్రటి కొయ్య సిట్కా స్ప్రూస్‌తో చేస్తే 8 కిలోల పైచిలుకు, డగ్లస్ ఫర్‌తో 10, టేకుతో 12న్నర. ఆ నాలుగు కిలోల తేడా గాలివాటంలో బాగా తెలుస్తుంది. తెడ్లకు స్ప్రూస్ తేలిక, యాష్ గట్టి. రాళ్ళున్న చోట యాషే.

*పైతట్టు, కూర్చునే బల్లలు, అంచు పట్టీలు.* వీటికి పెద్ద చర్చ అక్కర్లేదు. పైతట్టుకు టేకు లేదా పూత వేసిన ప్లైవుడ్, బల్లలకు సెడార్, ఒరిపిడి తగిలే అంచు పట్టీలకు ఓక్ లేదా టేకు.

*ప్లైవుడ్ వాడితే* బీఎస్ 1088 లేదా ఐఎస్ 710 అనే ప్రమాణాల ముద్ర ఉన్న మెరైన్ రకమే. ముద్ర ఉన్నా ఒక ముక్క కోసి గంటసేపు ఉడకబెట్టి, పూర్తిగా ఆరబెట్టి, మళ్ళీ ఉడకబెట్టండి. పొరల మధ్య ఉలి కొస దూరితే ఆ షీటు వెనక్కి పంపండి. అంచుల్లో పొరల మధ్య ఖాళీలు కనిపించినా అంతే: నీళ్ళు చేరేది ఆ ఖాళీల్లోకే.

3. పలకను పరీక్షించండి

ముందు కొస చూడండి. చిత్రికతో ఆ కొసను ఒక్కసారి తీసి, తడిగుడ్డతో తుడవండి. వలయాలు స్పష్టంగా కనిపిస్తాయి.

అ) తెల్లచెక్క ఎంత? బెరడును ఆనుకుని ఉండే లేత రంగు భాగం ఏ జాతిలోనైనా కుళ్ళుతుంది. టేకు అయినా అంతే. పేరున్నది చేవకు, అంటే లోపలి ముదురు చెక్కకు మాత్రమే. నీళ్ళు తగిలే భాగాల్లో తెల్లచెక్క అసలు ఉండకూడదు. పలక వెడల్పు లెక్క వేసేటప్పుడు తెల్లచెక్క తీసేశాక మిగిలేదే వెడల్పు.

ఆ) నడిమి దవ్వ ఉందా? వలయాల కేంద్రం పలకలో కనిపిస్తే చిన్న పడవకు వద్దు. ఆరేకొద్దీ అక్కడి నుంచే నెర్రె విచ్చుతుంది. పెద్ద దూలాల్లో తప్పదు కానీ 60×100 మిల్లీమీటర్ల అడుగుదూలానికి తప్పించుకోవచ్చు.

ఇ) నార వాలు. పలక పక్క అంచు మీద ఒక సిరా చుక్క వేయండి, అది నార వెంట పాకుతుంది. పగుళ్ళు ఉంటే అవీ నార వెంటే నడుస్తాయి. పలక అంచుతో పోల్చి కొలవండి: తెరచాప కొయ్యకు 20 సెంటీమీటర్ల దూరంలో నార 1 సెంటీమీటరు కంటే ఎక్కువ పక్కకు పోకూడదు. పలకలకు 12 సెంటీమీటర్లకు 1 వరకు ఒప్పుకోవచ్చు. చారలు అందంగా మెలికలు తిరిగిన పలక బీరువాకు బాగుంటుంది, పడవకు కాదు.

ఈ) సూది పరీక్ష. దీనికి మించిన పరీక్ష లేదు, ఖర్చూ లేదు. సూదిని నారకు అడ్డంగా ఏటవాలుగా మూడు నాలుగు మిల్లీమీటర్లు గుచ్చి పైకి లేపండి. ఆరోగ్యమైన చెక్క చిటపటమని పొడుగాటి పేడుగా, ఒక కొస అతుక్కునే లేస్తుంది. కుళ్ళు మొదలైన చెక్క చప్పుడు లేకుండా సరిగ్గా సూది పైనే పొట్టిగా తెగిపోతుంది. పైకి రంగు మారకముందే ఈ తేడా తెలిసిపోతుంది. పలక కొసల దగ్గర, ముడుల పక్కన, నల్లమచ్చల మీద తప్పకుండా చేయండి. మెరాంటి అనే ఉష్ణమండల కలపలో కొన్ని రకాల్లో కాండం నడుమ చెక్క కుళ్ళకుండానే పెళుసుగా ఉంటుంది. అదీ ఈ పరీక్షలోనే బయటపడుతుంది.

ఉ) తెరచాప కొయ్యకైతే వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుని, నారకు అడ్డంగా వెంట్రుకల్లాంటి గీతలున్నాయా చూడండి. చెట్టు కూలినప్పుడో గాలికి వంగినప్పుడో నార నలిగిన గుర్తులవి. ఒక్కటి కనిపించినా ఆ ముక్క కూర్చునే బల్లకు పోవాల్సిందే.

ఊ) ఓక్ కొంటుంటే ఎరుపా తెలుపా తేల్చుకోండి. పది సెంటీమీటర్ల ముక్క కోసి, ఒక కొసకు సబ్బునీళ్ళు రాసి, రెండో కొస నుంచి గట్టిగా ఊదండి. బుడగలొస్తే ఎర్ర ఓక్. దాని రంధ్రాలు తెరిచే ఉంటాయి, నీళ్ళు ఈ కొస నుంచి ఆ కొసకు ప్రయాణిస్తాయి. తెల్ల ఓక్ రంధ్రాలు మూసుకుని ఉంటాయి కాబట్టి బుడగ రాదు. అమ్మేవాడి మాట కంటే ఈ బుడగను నమ్మండి.

ఋ) టేకు అన్నది టేకేనా? 10×5×2 సెంటీమీటర్ల ముక్క కోసి తూచండి. ఆరిన మంచి టేకు 65 గ్రాముల చుట్టుపక్కల తూగాలి. 55 కంటే తగ్గితే అనుమానించండి. కోసిన చోట వేలితో రుద్దితే జిడ్డు తగలాలి, తోలు వాసన లాంటిది రావాలి.

4. తేమ కొలవండి

పడవలు ఎక్కువగా చెడేది ఇక్కడే. అందుకే కాస్త వివరంగా.

ఎంత తేమ ఉండాలి:

- మేకులతో బిగించి, సందుల్లో పత్తి కూరే పలకలకు 12 నుంచి 16 శాతం
- ఎపాక్సీ జిగురుతో అతికించే భాగాలకు 8 నుంచి 12
- ఆవిరి పట్టి వంచే పక్కటెముకలకు 20 దరిదాపుల్లో

మీటరును పలక కొసన గుచ్చకండి. కొసలు ముందు ఆరిపోతాయి, అక్కడ 11 చూపించిన పలక నడుమ 19 ఉండవచ్చు. కొస నుంచి కనీసం 30 సెంటీమీటర్లు లోపల, మూడు చోట్ల కొలవండి. కుదిరితే కొత్తగా కోసిన ముఖం మీద కొలవండి.

మీటరు మీద నమ్మకం లేకపోతే ఓవెన్ పద్ధతి ఉంది. పలక కొస నుంచి 30 సెంటీమీటర్లు వదిలేసి, అక్కడ రెండు సెంటీమీటర్ల మందం ముక్క కోసి వెంటనే తూచండి. 103 డిగ్రీల దగ్గర పెట్టి, బరువు తగ్గడం ఆగిపోయేదాకా ఉంచి మళ్ళీ తూచండి. ముందు 86 గ్రాములు, తర్వాత 74 గ్రాములు వచ్చాయనుకోండి. తేడా 12ను 74తో భాగిస్తే 16.2 శాతం. 86తో భాగించకండి. అలా చేస్తే 14 వచ్చి మిమ్మల్ని మీరే మోసం చేసుకుంటారు.

తేమ తప్పితే ఏమవుతుందో ఒక్క పలకలో చూద్దాం. 150 మిల్లీమీటర్ల వెడల్పున్న తెల్ల ఓక్ పలక, వలయాలు వెడల్పుకు సమాంతరంగా పడుకున్న కోత. 10 శాతానికి ఆరబెట్టి బిగించారు. నీళ్ళలో దింపాక అది 22 శాతానికి చేరింది. ఈ కోతలో ఓక్ ఒక్కో శాతం తేమకు సుమారు 0.35 శాతం ఉబ్బుతుంది. 12 శాతానికి 4.2 శాతం, అంటే 6 మిల్లీమీటర్ల పైన. పక్కన ఖాళీ లేదు. ఆ ఆరు మిల్లీమీటర్లు పక్కటెముకల మీద పడతాయి: మేకుల తలలు చెక్కలోకి దిగిపోతాయి, పక్కటెముకలు చిట్లుతాయి. అదే పలకను వలయాలు నిలబడేలా కోసి ఉంటే ఉబ్బు 3.4 మిల్లీమీటర్లే. నిలువు వలయాల సెడార్ అయితే ఇంకా తక్కువ. పలకలకు నిలువు వలయాల కోత అడగమనేది ఇందుకే. మిల్లులో దుంగ కోయిస్తుంటే కొసన చాక్‌పీసుతో గీసి చూపించండి, నోటిమాటతో వదిలేయకండి.

తేమ ఎక్కువైతే తప్పు ఇంకో దిక్కున. పచ్చి పలకలు బిగిస్తే పడవ ఒడ్డున ఉన్నప్పుడు కుంచించుకుని సందులు విచ్చుకుంటాయి. పచ్చి చెక్క మీద రంగు వేస్తే లోపలి నీరు పూతను పొక్కులుగా లేపుతుంది, కిందనే కుళ్ళు మొదలవుతుంది.

5. కొన్న తర్వాత, కోయకముందు మూడు చిన్న పరీక్షలు

*వంపు.* పక్కటెముక కొలతకే, అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 12 మందంతో మూడు పట్టీలు తీయండి. 25 మిల్లీమీటర్ల మందానికి గంట ఆవిరి అన్నది లెక్క, కాబట్టి వీటికి అరగంట. ఎక్కువసేపు పెడితే ఇంకా మెత్తబడదు, ఎండి పెళుసెక్కుతుంది. బయటికి తీశాక అర నిమిషంలోపే వంచేయాలి. నక్షాలోని అతి బిగువైన వంపుకు మూడింటిలో రెండు విరగకుండా వస్తే ఆ కలప ఖాయం చేసుకోండి. అసలు పనికి పది కావాలంటే పదిహేను కోసి పెట్టుకోండి.

*జిగురు.* మీరు వాడబోయే జిగురుతో రెండు ముక్కలు అతికించి, వారం ఆగి, ఉలి పెట్టి విడదీయండి. చీలిక చెక్కలోంచి పోవాలి. జిగురు గీత వెంట శుభ్రంగా విడిపోతే ఆ జత పనికిరాదు. టేకును అతికించేముందు ముఖాన్ని ఎసిటోన్‌తో తుడిచి, అది ఆరగానే జిగురు రాయాలి. మర్నాటికి వాయిదా వేస్తే లోపలి నూనె మళ్ళీ పైకొస్తుంది.

*మేకు.* ఓక్‌లో, ఎర్ర సెడార్‌లో ఉండే ఆమ్లాలు ఇనుమును తింటాయి. తడి ఓక్ ముక్కలో మామూలు ఇనుప మేకు కొట్టి రెండు మూడు రోజులు వదిలేస్తే చుట్టూ నల్లటి మచ్చ పాకుతుంది. అది చూశాక ఇంకొకరు చెప్పక్కర్లేదు. రాగి రివిట్లు లేదా సిలికాన్ కంచు స్క్రూలు వాడండి. నీళ్ళ కింద రాగినీ ఇనుమునూ పక్కపక్కన పెట్టకండి, ఇనుము ముందు కరిగిపోతుంది.

6. ఎంత కొనాలి, ఎలా పేర్చాలి

25 మిల్లీమీటర్లకు కోసిన పలకను రెండువైపులా చిత్రిక పడితే 20, మహా అయితే 21 మిగులుతుంది. పడవ పలకలు వంపుగా ఉంటాయి కాబట్టి తరుగు ఎక్కువ: పట్టికలో వచ్చిన లెక్కకు మూడో వంతు నుంచి సగం దాకా అదనం వేసుకోండి. వంకర భాగాలకు ఇంకా ఎక్కువ. అన్ని పలకలూ ఒకే దుంగలోంచి వరుసగా కోసినవి దొరికితే తీసుకోండి, అవి ఒకే తీరుగా ఉబ్బుతాయి, ఒకే తీరుగా ఆరుతాయి.

ఇంటికి తెచ్చిన రోజే కొసలకు చిక్కటి రంగు పూయండి. పూయకపోతే కొసలు ముందు ఆరి చీలుతాయి, ప్రతి పలకకూ రెండువైపులా ఒక జానెడు పోతుంది. నేల నుంచి కనీసం 30 సెంటీమీటర్ల ఎత్తులో, నీడలో, గాలి తగిలేచోట పేర్చండి. పలకల మధ్య 20 నుంచి 25 మిల్లీమీటర్ల మందం పుల్లలు, అరమీటరుకొకటి. పై వరస పుల్ల సరిగ్గా కింది వరస పుల్ల మీదే రావాలి. అటూ ఇటూ జరిగితే ఆ మధ్యలో పలక వంగుతుంది, ఆ వంపు తర్వాత పోదు. పైన బరువు పెట్టండి. ప్లాస్టిక్ పట్టాతో చుట్టేయకండి, పైన మాత్రమే కప్పండి.

గాలికి ఆరడానికి 25 మిల్లీమీటర్ల మందానికి ఇంచుమించు ఏడాది పడుతుందని లెక్క. తేలిక జాతులకు తక్కువ, ఓక్ లాంటివాటికి ఎక్కువ. దొంతరలోంచి ఒక పలకకు సుద్దతో గుర్తు పెట్టి, రెండు వారాలకోసారి తీసి తూచి, తేదీతో సహా ఆ పలక మీదే రాస్తూ ఉండండి. వరుసగా మూడు తూకాలు ఒక్కటే వచ్చి, మీటరు 12 నుంచి 16 మధ్య చూపిస్తే పలకలు కోయడం మొదలుపెట్టవచ్చు. పక్కటెముకల కోసం తెచ్చిన ఓక్‌ను మాత్రం ఈ దొంతరలో కలపకండి. దాన్ని విడిగా, తడి గోనెసంచులు కప్పి నీడలో ఉంచండి. ఆవిరిపెట్టె సిద్ధమైన వారంలోనే పట్టీలుగా కోయించండి.